నట్టుకి కట్టిన పత్తి

మనవడు బండి నట్టు మీద తుప్పు వదిలే మందు కొడుతుంటే కిరసనాయిలు వాసనొచ్చింది, సత్తెనపల్లిలో మా పాత ఇల్లు గుర్తొచ్చింది. మీ ఇళ్ళల్లోనూ అమ్మానాన్నా అలిగితే పిల్లల చేతే కబుర్లు పంపుకునేవాళ్ళు కదూ?

మా ఇంట్లో అలాంటి అలక రోజుల్లోనే నాన్న సైకిల్ వెనక చక్రం నట్టు బిగుసుకుపోయింది. పానా జారి జారి దాని మూలలు అరిగిపోతున్నాయి. నాన్న విసుగొచ్చి సుత్తి తీశాడు.

"కొట్టొద్దని మీ నాన్నతో చెప్పవే," అంది అమ్మ. మూలనున్న పత్తి బస్తాలోంచి కాస్త లాగి, కిరసనాయిల్లో తడిపి, నా మోకాలి దెబ్బకి కట్టినట్టే నట్టుకి చుట్టి పాత గుడ్డతో కట్టింది.

మర్నాడు పొద్దున్నే నాన్న ఆ కట్టు విప్పి పానా మెల్లగా తిప్పాడు. నట్టు కదిలింది. నేను పక్కనే ఉన్నా, వెళ్ళి అమ్మతో చెప్పమనలేదు.

"ఏమే, ఊడొచ్చింది," అన్నాడు వంటింటి వైపు తిరిగి.

"చేతులు కడుక్కుని రండి, అన్నం పెడతా," అంది అమ్మ.