మా అమ్మాయి వెనకాల ఆదోనికి

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో గంట ప్రయాణం. నూలుకని, ఆసుపత్రికని, పెళ్లిళ్లకని ఆ దారిలో నేను కొన్ని వందలసార్లు పోయి ఉంటాను. మొన్న కార్తీకంలో పోయింది మాత్రం మా అమ్మాయి భార్గవికి ఆటలాడుకునే కంప్యూటరు కోసం. తయారైన పెట్టె కాదు. భాగాలు విడివిడిగా ఏరుకుని, ఇంటికి తెచ్చి తానే బిగించుకోవాలని ఆమె పట్టు. ఆమెకు పంతొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. నేను మగ్గం నేసేవాణ్ణి. ఆ రోజుకు తోడు మాత్రమే.

తోడు మాత్రమే అని ఎందుకంటున్నానో చెప్పాలి. రెండేళ్ల కిందట ఇదే పని మీద నేనొక్కణ్ణే ఆదోనికి పోయాను. ఆమె చీరలకు కుచ్చులు వేసి కూడబెట్టుకున్న డబ్బు, ఏమేం కావాలో రాసిచ్చిన పట్టీ నా జేబులో ఉన్నాయి. అక్కడ ఒక అంగట్లో, ఏదో ఆఫీసులో వాడి తీసేసిన పాత కంప్యూటరు కొనుక్కుని వచ్చాను. ఆమె ఆటలు అందులో ఒక్కటీ నడవలేదు. "అంగడాయన మోసం చేసినాడు" అని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం. ఆయన పాపం, పట్టీ ఏమైనా ఉందా అని అడిగాడు. ఆడపిల్ల రాసిన దాంట్లో ఏముంటుందిలే అని నేనే తీయలేదు. పది నిమిషాల్లో బేరం ముగించి, మిగిలిన పొద్దంతా ఒక స్నేహితుడి దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకున్నాను.

భార్గవి అప్పుడు ఏమీ అనలేదు. మళ్లీ కుచ్చులకు కూర్చుంది. అప్పటినుంచి నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతుంది.

అందుకని ఈసారి బయలుదేరే ముందు రెండు సంగతులు గట్టిగా అనుకున్నాను. ఆమె ఏరుకుంటున్నప్పుడు నోరెత్తకూడదు. తిరిగి ఇల్లు చేరేలోపల ఆ నిజం చెప్పాలి.

పొద్దున ఏడూ ఇరవై బస్సు ఎక్కాము. ఆధార్ కార్డు చూపిస్తే ఆమెకు టికెట్టు ఉచితం. నాకు నలభై అయిదు రూపాయలు. ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది, నేను దాని వెనక సీట్లో. దారిలో పెద్దకడుబూరు వైపు రైతొకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. పత్తి ట్రాక్టరు ముందే మార్కెట్టుకు పోయిందట, వెనక ఈయన పోతున్నాడు.

"పాపను కాలేజీలో చేర్పించనీకా?" అన్నాడు.

"లేదన్నా, కంప్యూటరు కొననీకి."

"చదువుకా?"

"చదువుకే" అన్నాను. నోరు నాకంటే ముందు పోయే అలవాటు నాది.

భార్గవి వెనక్కు తిరగకుండానే, "ఆడుకోనీకి తాతా" అంది.

ఆయన ముందు సీటు వైపు వంగాడు. "తప్పేముందిలేమ్మా. నేను పత్తి పెట్టి ఆడతాండా, నువ్వు కరెంటు పెట్టి ఆడు. నీ ఆటలో ఓడిపోతే మళ్లీ మొదటికొస్తాదంట గదా. నాకు ఆ వసతి లేదు."

ముందు సీట్లో ఆమె భుజాలు నవ్వుతో కదలడం చూశాను. నాకు సిగ్గేసింది. బయలుదేరి అరగంట కాకముందే ఒక అబద్ధం చెప్పేశాను.

ఎనిమిదిన్నరకు ఆదోని. అంగళ్లు పదిన్నరకు గాని తెరవరు. బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాము. ఇద్దరికీ ఎనభై రూపాయలు. ఎవరైనా ఈ పని మీద పోతే తొమ్మిదిన్నర బస్సుకు పోయినా చాలు. మాకు రెండు గంటలు దండిగా మిగిలాయి. మార్కెట్ యార్డు దారి పట్టి మెల్లగా నడిచాము. పత్తి ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి. గాలికి లేచిన దూది రోడ్డు పక్క ముళ్లకంపలకు పట్టుకుని ఉంది.

ఈసారి భార్గవి ఎంచుకున్న అంగడి వేరేది, ఒక మేడ మీద. ఓనరు పేరు ఖాజా, ముప్పై అయిదేళ్లుంటాయి. లోపలికి పోగానే నా వైపు కుర్చీ లాగాడు.

"కూసోండి అన్నా. బడ్జెట్ ఎంత పెట్టుకున్నారు?"

"నన్నడగద్దప్పా. కొనేది ఆమె."

"సెప్పు బేటీ" అన్నాడు. ఆమె పట్టీ తీసి ఒక ప్రశ్న అడిగింది. జవాబు మాత్రం నా మొహం చూసి చెప్పాడు. రెండో ప్రశ్నకూ అంతే, మూడో ప్రశ్నకూ అంతే. నాలుగోసారికి నేను లేచి, కుర్చీ తీసుకుపోయి గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాను.

"ఏమైంది నాయనా?" అంది భార్గవి.

"ఏం లేదు. నేను కనపడితే ఈయన నాకే సెప్తాండాడు."

ఖాజా గట్టిగా నవ్వాడు. "మాఫ్ చేయన్నా. అలవాటు. ఇంక మీరు గోడ, ఆమె గిరాకి. సరేనా?"

గోడ వైపు కూర్చున్నా చెవులు వెనకే ఉన్నాయి. ఆమె లెక్క నాకు మెల్లగా అర్థమైంది. ఆటకు బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు కాబట్టి డబ్బులో పెద్ద వాటా దానికే. ప్రాసెసరు నడిమి రకం చాలు. ర్యామ్ పదహారు జీబీది ఒకటి ఇస్తానని ఖాజా అంటే, ఎనిమిదివి రెండు కావాలంది. రెండు దారుల్లో పని జరిగితే వేగం ఎక్కువట. రంగురంగుల లైట్లున్న రకం వద్దని పక్కన పెట్టింది.

పవర్ సప్లై దగ్గర మాత్రం వాదన జరిగింది. ఖాజా పెట్టిన డబ్బా మీద ఏడువందల వాట్లని పెద్దగా అచ్చు వేసి ఉందట. ఆమె దాన్ని చేత్తో ఎత్తి చూసి బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

"ఇంత తేలిగ్గా ఉండాది. లోపల ఏమన్నా ఉందా అన్నా?"

"అందరూ ఇదే తీసుకపోతారమ్మా."

"అందరూ మా వీధిలో లేరు గదా. సాయంత్రమైతే మా ఇంట్లో కరెంటు ఎగురుతాది, దిగుతాది. ఇది పోతే దీంతో పాటు కార్డు కూడా పోతాది."

ఖాజా బల్ల కింద వెతుకుతున్న చప్పుడైంది. ఇంకోటి తీసి పైన పెట్టాడు. దాని మీద అయిదువందల యాభై అనే ఉందట గాని, బరువు మొదటిదానికి రెండింతలట. "ఇది నా సొంత కంప్యూటరుకు దాచుకున్నా. నువ్వు తీసుకపో" అన్నాడు. నలభై ఏళ్లుగా నేను నూలు కొంటున్నాను. చీటీ మీద అచ్చు చూసి ఏనాడూ కొనలేదు, వేళ్ల మధ్య నలిపి చూసే కొన్నాను. ఈ పిల్ల నా ఇంట్లోనే పెరిగింది. ఆ సంగతి నాకు ఆ గోడ ముందు కూర్చున్నప్పుడు తట్టింది.

"బిగించి ఇస్తాలేమ్మా, దానికి డబ్బులొద్దు" అన్నాడు ఖాజా. ఇయ్యనీలే అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది. పళ్లు బిగబట్టుకున్నాను. "నేనే బిగించుకుంటా" అంది ఆమె.

గ్రాఫిక్స్ కార్డు బెంగళూరు నుంచి మధ్యాహ్నం వచ్చే పార్సిలులో రావాలి. ఒంటిగంటకు భోజనానికి పోయాము. ప్లేటు నూట ఇరవై, అన్నం బాగుంది, పప్పు బాగుంది. భార్గవి ఎదురుగా కూర్చుంది, ఎవరూ వినేవాళ్లు లేరు, చెప్పడానికి ఇదే మంచి సమయం అనుకున్నాను. "పెరుగు కావాల్నా?" అని అడిగాను. వద్దంది.

రెండూ పదికి కార్డు వచ్చింది. అన్నీ మంచివో కావో చూసుకోవడానికి మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదనే పరిచి, ఒక్కొక్కటి తగిలించి, కరెంటు ఇచ్చారు. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కొంతసేపటికి తెర మీద అక్షరాలు వెలిగాయి. భార్గవి మొహంలో ఏమీ కనపడలేదు గాని, బల్ల కింద ఆమె కాలిబొటనవేలు చెప్పును గట్టిగా పట్టుకుని ఉంది.

మిగిలింది అన్నీ పెట్టే కేబినెట్ ఒక్కటే. ఖాజా రెండు చూపించాడు. ఒకటి ముందంతా గాజు, లోపల మూడు ఫ్యాన్లు నీలంగా వెలుగుతున్నాయి. రెండోది నల్లటి రేకు పెట్టె. భార్గవి గాజుదాని ముందు చాలాసేపు నిలబడింది. లైట్లొద్దన్న పిల్లే, దాని మీద వేలు పెట్టి కిందికి జరిపింది.

మా ఇల్లంతా మగ్గం నుంచి రేగే నూలు నూగు. పదిహేను రోజులకొకసారి టేబుల్ ఫ్యాను విప్పి రెక్కల మీద నూగును దుప్పటిలాగా లాగి పారేస్తాము. ఆ గాజుపెట్టె మా ఇంట్లో ఏమవుతుందో నాకు కళ్లకు కట్టింది. చెప్పకపోతే ఆమె నష్టపోతుంది. చెబితే మళ్లీ పెత్తనానికి వచ్చాడనుకుంటుంది. చివరికి లేచి పోయి అడిగాను.

"ఒక మాట సెప్పొచ్చునామ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. నేను ఎన్నడూ అట్లా అడిగింది లేదు. "సెప్పు" అంది.

"మన ఇంట్లో నూగు..."

"తెలుసు నాయనా. నూగును ఆపే జాలీ ఉండేదే కావాల. పట్టీలో మొదటి లైను అదే." ఆగి, మెల్లగా అంది, "పోయినసారి పట్టీలో కూడా అదే మొదటి లైను."

ఆమె రెండు పెట్టెల జాలీలూ ఊడదీసి నా చేతికిచ్చింది. "ఇది నువ్వే సూడు. దేంట్లో ఆగుతాదో నాకు తెలీదు."

కిటికీ దగ్గరికి పోయి రెంటినీ వెలుతురుకు పట్టి చూశాను. చొక్కా అంచు నుంచి కాస్త నూగు గీరి ఒక్కొక్కదాని మీద వేసి ఊదాను. గాజుదాని జాలీలో కళ్లు వెడల్పు, నూగు సగం అవతలికి పోయింది. నల్లదాంట్లో ఆగింది, గాలి మాత్రం ఆడుతోంది. రెండుసార్లు చూశాకే చెప్పాను. "ఇది ఆపుతాది. అది ఆపదు."

"నల్లది ఇయ్యన్నా" అంది. గాజుదాని వైపు ఇంకొకసారి చూసింది గాని మాట మార్చలేదు.

నాలుగూ ముప్పావు బస్సుకు తిరుగు ప్రయాణం. పెద్ద పెట్టెలకు లగేజీ టికెట్టు కొట్టాలని కండక్టరు అన్నాడు. ఒకటి ఒళ్లో, ఒకటి కాళ్ల కింద పెట్టుకుని ఒప్పించుకున్నాము. విడి భాగాలకు హైదరాబాదు పోవాలంటారు చాలామంది. ధర అక్కడ కొంత తగ్గవచ్చు. ఏదైనా చెడితే గంటలో తిరిగిపోగలిగే ఆదోనే మాకు నయమనిపించింది. ఒక రోజు చాలు, తిండితో కలిపి ఖర్చు కూడా పెద్దది కాదు. నాకైతే ఆ ఊరు ఇన్నేళ్లలో ఇంత కొత్తగా ఎప్పుడూ కనపడలేదు.

సగం దారిలో ఆమె పక్కనున్న అవ్వ దిగిపోయింది. పోయి కూర్చున్నాను. ఇంక తప్పించుకునే దారి లేదు.

"పోయినసారి అంగడాయన మోసం చేయలేదు. ఆయన పట్టీ అడిగినాడు. నేనే తీయలేదు. నువ్వు రాసింది నేను చదవనే లేదు."

ఆమె కిటికీ బయటికి చూస్తూనే ఉంది. "తెలుసు" అంది.

"ఎట్ల?"

"మడత పెట్టి గుండుపిన్ను కుచ్చి ఇచ్చినా గదా. మర్సటి రోజు నీ సొక్కా ఉతికింది నేనే. పిన్ను కుచ్చింది కుచ్చినట్లే ఉండె."

రెండేళ్లు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ నేను ఆ అంగడాయన్ను తిట్టి చెబుతుంటే, ఈమె పక్కన కూర్చుని కుచ్చులు వేస్తూ వింటూ ఉంది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆ మాట అంటే ఆమె ఏదో ఒకటి జవాబు చెప్పాల్సి వస్తుంది, ఆ బరువూ ఆమె మీదే పెట్టినట్లవుతుంది. "తప్పు నాదే" అని మాత్రం అన్నాను.

ఎమ్మిగనూరు ఇంకా రెండు మైళ్లుందనగా ఒళ్లో పెట్టె సర్దుకుంటూ అంది:

"రేపు పొద్దున బిగిస్తా. స్క్రూలు సన్నవి, లోపల సీకటిగా ఉంటాది. టార్చి పట్టుకునే మనిషి కావాల. సెయ్యి కదలగూడదు. మద్దెలో సలహాలియ్యగూడదు."

"పట్టుకుంటా" అన్నాను.