కుడి రెక్క, ఎడమ చీటీ

కొత్తగా డాక్టరునైన ఆ రోజుల్లో నాకు నా చేతుల మీద కంటే స్కానింగు మీదే నమ్మకం ఎక్కువ. మైదుకూరులో చిన్న క్లినిక్కు పెట్టుకుని, ఎవరు ఏ నొప్పి అన్నా కడపకు చీటీ రాసేదాన్ని. (ఊళ్లో నన్ను ‘చీటీ డాక్టరమ్మ’ అంటారని చాలా ఆలస్యంగా తెలిసింది.) ఒకరోజు మగ్గం నేసే పెద్దాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. “రెక్క పైకి లేస్తాలేదు తల్లీ. తాడు గుంజేకి కాక మగ్గం నిల్చిపోయె” అన్నాడు. మా వైపు భుజాన్నీ చేతినీ కలిపి రెక్క అంటారు. నేను ఆ భుజాన్ని తాకనైనా తాకలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి కుడివైపు నాకు ఎడమవైపు పడుతుందన్న సంగతి మరిచి, ‘ఎడమ భుజం’ అని దర్జాగా రాసేశాను.

రెండు రోజులకు రిపోర్టు పట్టుకొచ్చారు. భుజంలో కండ కాస్త చిరిగిందట. ఇంకేం, గొంతు సవరించుకుని ఆపరేషను దాకా వెళ్లాను, ఇక మగ్గం మానెయ్యాలన్నాను. పెద్దాయన ముఖం పాలిపోయింది. “మగ్గం తప్ప నాకింకేం రాదే తల్లీ” అన్నాడు. అప్పుడు ఆయన భార్య మెల్లగా నోరు విప్పింది. “నొప్పి ఈ రెక్క కదమ్మా” అని ఆయన కుడి భుజం పట్టుకుంది. “ఆ రెక్కకు బొమ్మ తీస్తాంటే నేను అడిగితి. చీటీలో ఇట్లే ఉండాదనిరి. సదువుకున్న తల్లి, శానా తెలిసే రాసింటాదని గమ్మునుంటిమి.” తర్వాత నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. “చినిగిన రెక్క నొస్తాలేదు. నొచ్చే రెక్క ఈడుండాది. మరి ఆ బొమ్మ ఏం చెప్పినట్టు?”

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. వయసు మళ్లినవాళ్లకు నొప్పి లేని భుజంలోనూ చిరుగులు కనబడతాయని చదువుకున్నదాన్నే, అప్పుడు గుర్తొచ్చింది. లేచి వెళ్లి, మొదటిసారి ఆయన కుడి భుజం పట్టుకుని, లేపి, తిప్పి చూశాను. బిగుసుకుపోయింది, అంతే. రోజూ గోడ మీద వేళ్లను పైకి పాకించమన్నాను. చేయి అందినంత ఎత్తున ఆమె సుద్దముక్కతో గీత గీసేదట. కొన్ని నెలలకు ఇద్దరూ మళ్లీ వచ్చారు, “మగ్గం ఆడతాండాదమ్మా” అని చెప్పడానికే. వాళ్లు వెళ్లాక లోపలికెళ్లి ఏడ్చాను.

ఇప్పుడు నా తల సగం నెరిసింది. ఎవరు భుజం నొప్పి అన్నా లేచి వెళ్లి, భుజం మీద చేయి వేసి “ఇదే కదా?” అని రెండుసార్లు అడుగుతాను. డాక్టరమ్మది మంచి చేతివాసి అంటారు జనం. అది చేతివాసి కాదు, భయమని ఆ ఇద్దరికే తెలుసు. ఇన్నేళ్లయినా వాళ్లు ఎవరికీ చెప్పలేదు.