లండన్‌లో చిక్కుకుని గన్‌ఫౌండ్రీలో కాపలా కాసిన నేను

ఆ రోజుల్లో ఈమెయిలు ఇంట్లో దొరికే వస్తువు కాదు. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఇరుకు మెట్లెక్కి, ఇంటర్నెట్ సెంటర్లో చెక్క అడ్డుగోడల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే గాని దాని దర్శనం అయ్యేది కాదు. అప్పటికి నాకు యాభై దాటాయి, కానీ ఆ తెర ముందు నేను పసివాణ్ణే, పైగా మొండి పసివాణ్ణి. బడి చదువు ఏడో తరగతితో సరి. మిగతాదంతా అబిడ్స్ బట్టల దుకాణంలో పనిచేస్తూ, ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో సంపాదించుకున్నది. అలా సొంతంగా చదువుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకంలో ఎవడు తప్పు చేసినా దిద్దే బాధ్యత తనదే అనుకుంటాడు. పత్రికలవాళ్ళకు, బస్సులవాళ్ళకు, నీళ్ళ ఆఫీసుకు మెయిళ్ళలో చీవాట్లు పెట్టేవాణ్ణి. అవి చదివి నా వాళ్ళూ బాగుపడాలని అందరికీ నకళ్ళు పంపేవాణ్ణి.

ఒకనాడు నాకే ఒక మెయిలు వచ్చింది, పాస్‌వర్డ్ తెలిపి మీరు అసలు ఖాతాదారేనని రుజువు చేసుకోకపోతే మీ ఖాతా మూసేస్తామని. నన్నే అనుమానిస్తారా! ఒళ్ళు మండిపోయింది. పౌరుడితో మాట్లాడే పద్ధతి ఇదేనా అని మొదలుపెట్టి, రెండు పేజీలు కడిగేసి, చివర్లో 'నేను అసలైనవాణ్ణే. ఇదిగో నా పాస్‌వర్డ్, కళ్ళు తెరిచి చూసుకోండి' అని ముగించాను. (మెట్లు దిగుతూ ఈల కూడా వేశాను.)

రెండు రోజులకు, ఫుట్‌పాత్ మీద పుస్తకాలమ్మే కళ్ళద్దాల మిత్రుడు ఫోన్ చేశాడు.

"ఏందన్నా, లండన్‌ల చలి ఎట్లున్నది?"

"లండనేంది? నేను దుకాణంల చీరెలు మడుస్తున్న."

"మరి నీ మెయిలొచ్చిందిగా! నీ బ్యాగు, ఫోను దొంగలు కొట్టేసిన్రట, హోటలోళ్ళు కదలనిస్తలేరట, జల్ది పైసలు పంపుమన్నవ్."

"నమ్మినవా?"

"ఎట్ల నమ్ముత? ప్రతి లైనుకు 'దయచేసి' అని ఉన్నది. నువ్వు గట్ల రాస్తవా?"

ఇంటర్నెట్ సెంటర్‌కు ఉరికితే, నా ఖాతా నాకే తెరుచుకోలేదు. అప్పుడు పట్టుకుంది అసలు భయం. నా మీద ప్రేమ కొద్దీ జనం ఎగబడి ఆ దొంగకు డబ్బు పంపేస్తే? దుకాణానికి సెలవు పెట్టి, విదేశాలకు డబ్బు పంపే ఆఫీసు గన్‌ఫౌండ్రీలో ఒకటి ఉంటే దాని గుమ్మంలో నిలబడ్డాను. 'మిత్రులారా, తొందరపడకండి, నేను క్షేమం' అని చిన్న ఉపన్యాసం కూడా సిద్ధం చేసుకున్నాను.

ఎవరూ రాలేదు. ఆఫీసు వాచ్‌మన్ చూసి చూసి అడిగాడు. "ఎవరి కోసం సాబ్?"

"నాకు పైసలు పంపెటోళ్ళ కోసం. రాంగనే ఆపాలె."

అతను నన్ను కిందికీ మీదికీ చూశాడు. "జర నీడకు రాండ్రి. ఎండ గట్టిగున్నది" అన్నాడు.

మధ్యాహ్నానికి, ఎవరైనా మోసపోతారేమోనన్న భయం పోయి, ఒక్కడైనా మోసపోతే బాగుండునన్న ఆశ మొదలైంది.

అప్పుడు ఆటో దిగాడు మా బావ. మా అక్క భర్త, ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల వ్యాపారి. మా ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు, నేను పంపే మెయిళ్ళ నకళ్ళు తప్ప. మేనకోడలి పెళ్ళిలో భోజనాలు ఆలస్యమయ్యాయని నేను లేచి సమయపాలన మీద ప్రసంగించాను. (దానివల్ల వడ్డన ఇంకో అరగంట ఆగింది.) ఆ బావ చంకలో సంచి ఇరికించుకుని గబగబా మెట్లెక్కుతున్నాడు.

"బావా, ఆగు!"

దయ్యాన్ని చూసినట్టు చూశాడు. "నువ్వు... లండన్‌ల లేవా?"

"నేను పాస్‌పోర్టు మొకమే చూడలె. గది దొంగ మెయిలు. లోపటికి పోకు."

బావ మెట్టు మీద కూలబడ్డాడు. నాకు ఆనందం, పౌరుషం ఒకేసారి పొంగాయి. "అందరు పసిగట్టిన్రు బావా, నేను గంత మర్యాదగ రాయనని. నీకొక్కనికే తెల్వదా?"

"తెల్వకేంది? తెలిసే ఉరికొచ్చిన. నువ్వు 'దయచేసి' అన్నవంటే, ఇగ పానం మీదికే వచ్చిందనుకున్న."

సిద్ధం చేసుకున్న ఉపన్యాసం మరిచిపోయి, బావ పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"పెండ్లి కాడ గంతసేపు మాట్లాడితివి, ఇప్పుడేమైంది?" అని ముక్కు తుడుచుకుంటూ లేచాడు బావ. "నడువు. మీ అక్క పొద్దుగాల నుంచి ఏడ్సుకుంట కూసున్నది."

ఆటోలో బావ బట్టల్లోని మిరపకాయల ఘాటుకు ఇద్దరికీ కళ్ళలో నీళ్ళు కారాయి. (ఘాటుకే.)

మొన్న బావకు సుస్తీ చేసిందని తెలిసి, 'బావా, దయచేసి వేళకు మందులు వేసుకో' అని వాట్సాప్‌లో రాశాను. వెంటనే ఫోను. "బామ్మర్దీ, నీ ఫోను ఎవడో కబ్జా చేసిండు, జర చూసుకో!" నోరారా తిట్టాను. "ఔ, నువ్వే" అని కుదుటపడ్డాడు.

ఫోను పెట్టేశాక నవ్వొచ్చింది. తనకోసం ఎవరొస్తారా అని ఆనాడు గన్‌ఫౌండ్రీ ఎండలో ఉపన్యాసం వల్లించుకుంటూ నిలబడ్డ ఆ పెద్దమనిషి గుర్తొచ్చాడు. వీలైతే వెళ్ళి అతని భుజం తట్టి, 'జర నీడకు రావయ్యా, ఒకాయన బయలుదేరాడు' అని చెప్పాలనిపించింది.