గోనె కింద రెండు టైర్లు

కొత్త టైరు వాసన తగిలితే చాలు, నాకు ఎవరి మీదా నమ్మకం నిలవదు. మొన్న కాకినాడలో మా అబ్బాయి తన సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారుకు వెనక వెడల్పు టైర్లు వేయించుకుంటుంటే, ఏసీ గదిలో కూర్చోమని దుకాణంవాళ్లు ఎంత మర్యాద చేసినా కూర్చోకుండా, ఫిట్టర్ చేతుల మీంచి కళ్లు తిప్పకుండా నిలబడ్డాను. "వాళ్లేం ఎత్తుకుపోర్లేమ్మా" అన్నాడు మావాడు. వాడికేం తెలుసు నా సంగతి!

మా నాన్నకు రావులపాలెంలో అరటి మార్కెట్ పక్కన టైర్ల షాపు ఉండేది. ఎండాకాలం మాగిన గెలల తీపి వాసనా, పంచర్లకు రాసే సొల్యూషన్ ఘాటూ కలిసి మా గౌన్లకు పట్టేసేవి. వానలొస్తే తొక్కలూ డొప్పలూ కుళ్లి రోడ్డంతా జారేది. దసరా ఆయుధపూజనాడు నాన్న జాకీలకూ ఇనుప కడ్డీలకూ పసుపు కుంకాలు పెట్టి, లారీ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అమ్మ వేసిన వేడి గారెలూ పులిహోరా డ్రైవర్లందరికీ అరిటాకుల్లో వడ్డించేవాడు. పెరట్లో మనిషెత్తు పేర్చిన పాత టైర్ల మధ్య పక్కింటి పిల్లలతో దాగుడుమూతలు ఆడేదాన్ని. వెతికే వంతు ఎప్పుడూ నాదే కావాలని పేచీ పెట్టేదాన్ని. పుట్టుబుద్ధి అలాంటిది.

ఒక వేసవిలో, కొబ్బరితోటలున్న మహాలక్ష్మమ్మగారి కొడుకు చిన్నబాబుగారు హైదరాబాదులో కొన్న ఎర్ర స్పోర్ట్స్ కారులో మా షాపుకొచ్చాడు. వెనక రెండు చక్రాలకు మాత్రం వెడల్పు టైర్లు కావాలన్నాడు. టైర్లూ, వాటికి సరిపడే రిమ్ములూ మద్రాసు నుంచి తెప్పించుకున్నాడు కూడా.

"ముందో రకం, వెనకో రకం ఏంటండి బాబుగారూ, ట్రాక్టరా?" అన్నాడు నాన్న.

ఇంజను బలమంతా వెనక చక్రాలకే పోతుందనీ, అవి వెడల్పుగా ఉంటే రోడ్డును గట్టిగా పట్టుకుంటాయనీ ఆయన వివరించాడు. నాన్న ఓ పట్టాన నమ్మే మనిషి కాదు. బిగించాక టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేళ్లు దూర్చి చూశాడు. అదీ చాలక మార్కెట్ నుంచి గెలలు మోయించుకొచ్చి డిక్కీ నిండా కుక్కించి, కారు వెనకభాగం బాగా కుంగాక, గోతుల రోడ్డు మీద తనే తిప్పుకొచ్చి, టైరు ఎక్కడా రాసుకోలేదని చూసుకుని అప్పుడు సరేనన్నాడు.

విప్పిన టైర్లు ఎవరివి వాళ్లకు అప్పటికప్పుడే బండిలో వేసి పంపడం మా షాపు పద్ధతి. మర్నాడు ఆటలో పెరటి మూలకు వెళ్తే, గోనెపట్టా కింద ఆ కారు టైర్లు రెండూ కనిపించాయి. పెద్దగా అరగనైనా లేదు. మా నాన్న వీటినెందుకు దాచాడు?

ఆ సాయంత్రమే మహాలక్ష్మమ్మగారు కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. ఎడ్లను కొన్నా ఈడూ జోడూ చూసే మనిషి. చక్రాలు జత కలవకపోయేసరికి మోసం జరిగిందని తేల్చేసుకున్నారు.

"మంచి టైర్లు పీకేసి ఏవో బిగించావేంటయ్యా? మావేవి?"

నాన్న చిన్నబాబుగారి వైపు చూశాడు. ఆయన నేలచూపులు చూశాడు.

"బాబుగారినే అడగండమ్మగారూ" అన్నాడు నాన్న.

"పెరట్లో గోనె కింద ఉన్నాయండీ" అన్నాను నేను.

మార్కెట్ జనమంతా చూస్తుండగా వాటిని బయటికి దొర్లించుకొచ్చారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. గోనె కింద దొరికాక ఇక చెప్పాలా! నాన్న నోరు విప్పలేదు. నెల తిరక్కుండా మా దగ్గరికొచ్చే లారీలు ఎదురు షాపుకు మళ్లాయి.

తర్వాత చిన్నబాబుగారు ఒక్కడే వచ్చాడు. "పాడవని టైర్లు మార్చానని అమ్మ తిడుతుందనే కదండీ మిమ్మల్ని దాచమన్నాను. ఆవేళ నోరు రాలేదండి" అన్నాడు.

"చెప్పనని మాటిచ్చాను కదండి. పోనీండి" అని నాన్న పంపేశాడు. తలుపు వెనక నన్ను చూశాడు. "నువ్వు చెప్పినందుకు కాదమ్మలూ. ముందు నన్నో మాట అడగలేదేంటి?"

సిగ్గుతో చచ్చిపోయాను.

ఆనాటి నుంచి నాన్న నాకు ప్రతిదీ చెప్పి చేసేవాడు. ఈ టైరు ఫలానావారిది, రేపు పట్టుకెళ్తారమ్మలూ. ఈ జాకీ ఎరువు తెచ్చింది, సాయంత్రం ఇచ్చేస్తాను. ఒక తండ్రి పదేళ్ల కూతురికి సంజాయిషీ చెప్పుకునేవాడు. నేను తల ఊపేదాన్ని.

రోడ్డు విస్తరణలో ఆ షాపు పోయింది. దాగుడుమూతలాడిన పెరడు మీంచి ఇప్పుడు కార్లు పోతున్నాయి. నాన్నా పోయాడు. ఈ కాకినాడ దుకాణంలో నాకెవరూ ఏదీ చెప్పుకోనక్కర్లేదు, చెప్పరు కూడా. నమ్ముతున్నాను నాన్నా అని ఆయనతో ఒక్కసారీ అనలేకపోయాను. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద, "మాత్ర వేసుకున్నానమ్మలూ, కావాలంటే చూడు" అని ఖాళీ రేకు నా ముందుకు చాచాడు.

నేను అందుకుని, తిప్పి చూశాను.