బొట్టు పెట్టిన ప్రింటరు

మా ఆఫీసులోని పాత ప్రింటరు కాగితం లాక్కునే ముందు గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేస్తుంది. అది విన్నప్పుడల్లా నాకు తమిళనాడులో, తిరుత్తణి దగ్గరి కే.జీ.కండిగైలో కమలమ్మ టీచరు ఇంటి నడవ గుర్తుకొస్తుంది. నా చేత తెలుగు అక్షరాలు దిద్దించింది ఆవిడే. రిటైరయ్యాక కూడా ప్రతి శనివారం ఆ నడవలో పదిమంది పిల్లలకు తెలుగు నేర్పేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివే పిల్లలు వాళ్ళు. వాళ్ళకు సరిపోయే పుస్తకం దొరకక, ప్రతి పాఠాన్నీ తన చేత్తోనే పదిసార్లు రాసి పంచేవారు. వయసు మీదపడి ఆ చెయ్యి వణకడం మొదలైంది. తాను రాయలేకపోతే తరగతి ఆగిపోతుందని ఆవిడకు ఒకటే దిగులు.

తిరువళ్లూరులో కంప్యూటర్ల మధ్య ఉద్యోగం చేసేవాణ్ణి గనక ఇది నా పని అనుకున్నాను. ఆవిణ్ణి ఒక్క మాట అడక్కుండా, రాసిన పేజీ పెడితే నకళ్ళు తీసే చిన్న ప్రింటరు చవగ్గా వస్తే కొని, తాంబూలంతో పాటు ముందు పెట్టి కాళ్ళకు మొక్కాను. ఎంత మంచి శిష్యుణ్ణో అని నాకు నేనే మురిసిపోయాను. ఆవిడ దానికి గంధం పూసి కుంకుమ బొట్టు పెట్టారు.

మూడు నెలల తర్వాత వెళ్తే ప్రింటరు మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంది. ఎంత అపురూపంగా చూసుకుంటున్నారో అనుకున్నాను. అంతలో ఒక పాప చేతిలోని పాఠం కనబడింది. చేతిరాత. గీతలన్నీ వంకర్లు తిరిగి ఉన్నాయి.

"ప్రింటరు చెడిపోయిందా టీచరమ్మా?"

"లేదు నాయనా. రెండు వారాలకే ఇంకు అయిపాయ. కొత్త డబ్బీ అడిగితే ఇంచుమించు మిషను రేటు చెప్పినారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"గురుదక్షిణ అని ఇచ్చినావు. దాన్ని పట్టుకోని బాగలేదని యెట్ల చెప్పేది? కొనేముందర నన్నొక మాట అడిగిండొచ్చు గదా."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. రెండున్నర నెలలు ఆ వణికే చేత్తో రాయించింది నేనే.

రెండోసారి ప్రింటరు కొనడానికి ఆవిడే బయల్దేరారు. తిరుత్తణిలో రైలెక్కి, సంచిలో ఒక వారం పాఠాలు పెట్టుకుని తిరువళ్లూరు వచ్చారు. అంగడి అతను సీసాతో ఇంకు పోసుకునే ప్రింటరు చూపించి దాని వేగం గురించి అందుకున్నాడు. ఆవిడ సంచిలోని కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు. వారానికి ఇన్ని, నలభై పేజీల దాకా, అన్నీ నలుపే. ఒక సీసా ఎన్నాళ్ళొస్తుంది, నేనే పోసుకోవచ్చా, మనిషిని పిలవాలా, ఎండాకాలం సెలవుల్లో ఊరికే పెడితే ఏమవుతుంది, అని తమిళంలో ఒక్కొక్కటే అడిగారు. ఊరికే పెడితే లోపల ఇంకు ఎండిపోవచ్చు, వారానికో పేజీ అయినా తీస్తుండాలి అని అతను దాచకుండా చెప్పాడు. ఆ మాటతో ఆవిడకు అతని మీద గురి కుదిరింది.

వైరు లేకుండా ఫోను నుంచే తీసే రకానికి ధర కాస్త ఎక్కువ. ఆవిడకు ఫోనులో ఫోటో తెరవడమే రాదు. అది దండగని నేను అడ్డుపడ్డాను. ఉన్న తెలివి ఊరికే ఉండనివ్వదు కదా.

"నాకు రాదు. పిల్లోళ్ళకొస్తుంది గదా," అన్నారు. "వాళ్ళ ఫోన్లలోనించి వాళ్ళే తీసుకోనీ. నేనుండే దినాలు మాత్రమేనా తరగతి?"

వైరు లేనిదే తీసుకున్నాం. ఇంటికెళ్ళాక ఇంకు ఎలా పోయాలో పిల్లలకు నా చేత నేర్పించారు, తాను మాత్రం పక్కన కూర్చున్నారు.

ఆవిడ పోయి ఏడాది దాటింది. ఎవరికైనా ఏదైనా ఇవ్వాలని చెయ్యి ముందుకెళ్ళినప్పుడు ఆ తువ్వాలు కళ్ళ ముందు కదిలి నన్ను ఆపుతుంది. నాకు ఆవిడ నేర్పిన పాఠాల్లో ఆలస్యంగా ఒంటబట్టింది ఇదొక్కటే.

పోయిన వారం సుమతి ఫోన్ చేసింది. టీచరమ్మ దగ్గర చదువుకుని, ఇప్పుడు కాలేజీకి వెళ్తూ శనివారాలు అదే నడవలో పాఠం చెప్తున్న పిల్ల.

"అన్నా, నల్ల ఇంకు అయిపోతా ఉంది. సీసాలు యాడ తీసుకునేది?"

నేనే తెచ్చిస్తాననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఇప్పుడు వారానికి ఎన్ని పేజీలు తీస్తున్నారని అడిగాను.

"అరవై దాటతా ఉందన్నా. పక్కూరి పిల్లోళ్ళు గూడా వస్తా ఉండారు."