గ్లేజు అంటని నాలుగు గుర్తులు

మాస్టారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను ఎర్రగడ్డ మెట్రో మెట్లెక్కుతున్నాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, నాకు ముందు గుర్తొచ్చింది కరెంటు బట్టీ. ముందురోజు సాయంత్రమే, ఆయన చూస్తుండగా బొమ్మలు పేర్చి ఆన్ చేశాను. ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్తున్నప్పుడు కూడా షెడ్డులో అది వెచ్చగానే ఉంది.

ఫిల్మ్‌నగర్‌లో వాళ్ల ఇంటి వెనక ఆ రేకుల షెడ్డులోనే నాకు తొమ్మిదేళ్లు మట్టిపని నేర్పారు. ఒకప్పుడు సినిమా సెట్లకు పగలగొట్టే కుండలు చేసేవారు. అక్కడే రంపం తగిలి కుడిచేతి ఉంగరపు వేలు సగం పోయింది. తర్వాత చేసినవన్నీ నున్నటి తెల్లటి రూపాలే. ఇదేంటండీ అని ఎవరైనా అడిగితే, తెలిస్తే చేసేవాణ్ణి కాదండీ అనేవారు.

గ్లేజు దగ్గర, అంటే కాల్చాక గాజులా మెరిసే పూత దగ్గర, మాత్రం మహా చాదస్తం. బొమ్మను పట్టుకుని గ్లేజులో ముంచితే వేళ్లున్న చోట పూత అంటదు. అక్కడ కుంచెతో దిద్దాలి. చిన్న మచ్చ మిగిలినా మళ్లీ కాల్పించేవారు.

"అమ్మాయ్, మనం పట్టుకున్నట్టు దానికి తెలియకూడదు."

లోపల ఎన్నిసార్లు తిట్టుకున్నానో! ఈరోజు నాకు అన్నం పెడుతున్నది ఆ చాదస్తమే.

ఆఖరి బొమ్మను ఆయన ముట్టుకోలేదు. చేతులు వణుకుతున్నాయని స్టూలు మీద కూర్చుని చూశారు. ముంచిందీ నేనే, దిద్దిందీ నేనే.

మూడో రోజు బట్టీ తెరిచాను. ఆ బొమ్మ తెల్లటి ఒంటి మీద నాలుగు వేళ్ల గుర్తులు, మట్టి రంగులో. మూడోది సగమే ఉంది.

పక్కనే ఉన్న మాస్టారి భార్య, ఆయనకు గుర్తులు గిట్టవు కదా, మళ్లీ పూత వేసి కాల్చమన్నారు. ఆయన మాట దాటలేను, ఆ వేళ్లను చెరపడానికి చెయ్యీ రాదు. ముంచింది నేనేనని, ఆయన ముట్టుకోనే లేదని చెప్పాను. ఆవిడ తన వేళ్లు ఒక్కొక్కటే ఆ గుర్తుల మీద ఆనించి, పొట్టిదాని దగ్గర ఆగిపోయారు.

"ఈ ఒక్కసారికి ఆయన మాట వినకులే అమ్మా."

బొమ్మ ఇప్పుడు ఆ స్టూలు మీదే ఉంది. కొత్త గ్లేజు చల్లారాక కూడా సన్నగా బీటలిస్తూ చాలా రోజులు టింగుమంటుంది, అది మామూలే. కానీ ఇది, నేను వేరే బొమ్మకు దిద్దడం అయిపోయిందని కుంచె కింద పెట్టాకే మోగుతుంది. వెనకున్న ఆ స్టూలు వైపు తిరగను. ఎక్కడైనా మచ్చ మిగిలిందేమోనని చేతిలో బొమ్మను మళ్లీ ఒకసారి తిప్పి చూసుకుంటాను.