నల్లోడు ఆరేది నీడలోనే

మా తాత బాలస్వామి ఒంటి మీద సొంత అంగి నేనెప్పుడూ చూడలేదు. అన్నీ చచ్చిపోయినవాళ్ల అంగీలే. మాది చాకలి ఇల్లు. ఎవరింట్లో మనిషి పోయినా, కర్మలు అయ్యాక ఆ మనిషి బట్టలు మూటగట్టి మాకిస్తారు. తార్నాకలో అపార్ట్‌మెంట్లు ఎంత ఎత్తు లేచినా ఆ పద్ధతి పోలేదు. లిఫ్టులో దిగివచ్చి మరీ మూటను మా ఇస్త్రీ బండి మీద పెట్టి, వెనక్కి చూడకుండా పోతారు. అలా తాతకు ఒక ప్రొఫెసరు గళ్ల చొక్కా, ఒక బ్యాంకు మేనేజరు సఫారీ, ఇంకెవరిదో మోచేతులు చిరిగిన స్వెట్టరు వచ్చాయి. పొద్దున ఏది తొడిగితే ఆ పేరుతో పిలిచేదాన్ని.

"ఏం మేనేజర్ సారూ, చాయ్ తాగుతవా?"

"లోను కావాల్నా భూమికమ్మా? ముందు పదో తరగతి పాసయి రా, ఇస్త," అనేవాడు. నేను లెక్కల్లో తప్పి బడి మానేసిన సంగతి ఆయన ఒక్కపూట కూడా మరిచిపోనిచ్చేవాడు కాదు.

మా అవ్వ రాములవ్వ పోయినప్పుడు మాత్రం చిక్కొచ్చింది. అందరి మూటలూ మేం తీసుకుంటాం, మా మూట ఎవరు తీసుకుంటారు? చాకలికి చాకలి ఎవరు? ఎవరూ రాలేదు. తాత ఆమె చీరలు తానే ఉతికి, మడతపెట్టి, బండి మీద దుప్పటి కింద మెత్తగా పరుచుకున్నాడు. అప్పటి నుంచి ఆ సందులో వాళ్ల చొక్కాలన్నీ మా అవ్వ చీరల మీదే ఇస్త్రీ అయ్యాయి.

మా బండి యూనివర్సిటీ గోడ పక్కన, మెట్రో రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందు మొదట్లో ఉంటుంది. వెనకే మా గది, గది ముందు రేకుల వసారా. సందు చివరి అపార్ట్‌మెంటులో కడప వైపు వాళ్లు ఉండేవాళ్లు. ఈశ్వరయ్య సారు యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తాడు. ఆయన భార్య పద్మావతమ్మ. కొడుకు శశిభూషణ్ అదే యూనివర్సిటీలో ఇంజనీరింగు, కూతురు కావ్య ఇంకా బడి పిల్ల. ఆదివారాలు శశి క్యాంపస్ పిల్లలతో కలిసి ఊరి బయట చెరువుకు తెరచాప పడవలు నడపడానికి పోయేవాడు. ఒక సాయంత్రం చంకలో నీళ్లు కారుతున్న నల్లటి మూటతో బండి దగ్గరికొచ్చాడు.

"తాతా, దీన్ని నీ రేకుల కింద ఆరేసుకోనా? మా అమ్మ ఇంట్లోకి రానీల్యా."

"ఏంది బిడ్డా అది? బర్రె తోలా?"

"వెట్‌సూటు తాతా. రబ్బరుది. నీళ్లలో పడినా చలెయ్యదు."

పద్మావతమ్మ రానివ్వకపోవడానికి కారణం ఉంది. శశి జాతకంలో నీళ్ల గండం ఉందని ఎవరో చెప్పారట. పోవద్దంటే పిల్లాడు వినడు. పైగా బాల్కనీలో ఆ నల్లటి సూటు వేలాడుతుంటే ఆమెకు గుండె ఝల్లుమనేది. "అచ్చం మనిషి నిలబడినట్టే ఉండాది. నా కంటికి కనపడనీయొద్దు" అందట.

సరే, వసారాలో దండెం మీద వేసి శశి వెళ్లిపోయాడు. మర్నాడు అది ఆరింది. మోకాళ్ల దగ్గర ముడతలు. ముడత కనిపిస్తే మా తాతకు చెయ్యి ఆగదు. బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చి ఎడమ మోకాలి మీద పెట్టాడు. చుర్రుమంది. టైరు కాలిన వాసనకు సందులో కుక్కలు కూడా లేచి పోయాయి. పెట్టె ఎత్తి చూస్తే, దాని మొన గుర్తు మోకాలి మీద మెరుస్తూ అతుక్కుపోయి ఉంది.

"అయిపాయె. ఇగ నువ్వే పడవ నడపాలె ఆయన బదులు," అన్నాను.

తాత ముఖం బూడిదైంది. శశి వచ్చేదాకా బండి దగ్గర కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. శశి వచ్చి, ఆ గుర్తు చూసి, ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి రోడ్డు మీదే చతికిలపడ్డాడు.

"ఇంక ఇది ఎక్కడ తప్పిపోయినా నీ దగ్గరికే వస్తుంది తాతా. నీ చాకలి గుర్తు పడింది గదా!"

అప్పుడు పద్ధతి నేర్పించాడు. ముందు మంచినీళ్లలో లోపలా బయటా జాడించాలి. పిండకూడదు. తిరగేసి నీడలో వెయ్యాలి, లోపలివైపు ఆరాక మళ్లీ తిరగెయ్యాలి. భుజాల మీద వేలాడదీస్తే నీళ్ల బరువుకు సాగిపోతుంది, అందుకని నడుము దగ్గర మడిచి లావు కర్ర మీద వెయ్యాలి.

"ఇస్త్రీ మాత్రం..." అన్నాడు శశి.

"చాలు తీయ్ బిడ్డా," అన్నాడు తాత. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని నాతో అన్నాడు. "బాదుడు వద్దట, పిండుడు వద్దట, ఎండ వద్దట, పెట్టె వద్దట. మరి ఇది చాకలింటికి ఎందుకొచ్చిందే?"

వచ్చింది, ఉండిపోయింది. తాత దానికి నల్లోడని పేరు పెట్టాడు. దండెం తీసేసి లావాటి వెదురు కట్టాడు. జిప్పు పట్టేస్తుందని కొవ్వొత్తి రుద్దేవాడు. ఆదివారం పొద్దుగూకేసరికి సందు వైపు చూసేవాడు. "నల్లోడు ఇంక రాలే," అనేవాడు. నల్లోడి కోసమో, వాడిని తెచ్చేవాడి కోసమో నేను అడిగితే, "నీ పని చూస్కో పోరీ" అని కసిరేవాడు.

ఆ వానాకాలం ఒక ఆదివారం శశి కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు. "ఒళ్లంతా నొప్పులుగా ఉంది తాతా. ఈసారి నువ్వే జాడించు," అని మూట ఇచ్చి పోయాడు. డెంగీ. ఆస్పత్రిలో వేశారు. ఆ ముసురుకు నల్లోడి లోపలి తడి ఆరీ ఆరకముందే, శశి పోయాడని కబురొచ్చింది. తల్లి జీవితమంతా నీళ్లకు భయపడింది. దోమకు భయపడాలని ఆమెకు ఏ జాతకమూ చెప్పలేదు.

కర్మలయ్యాక మూట పద్మావతమ్మే తెచ్చింది. తాత రెండు చేతులూ చాచాడు గానీ, మూట పట్టుకోవడానికి ఆయన వేళ్లు మూసుకోలేదు. నేను పట్టుకున్నాను.

"ఆ నల్లది నీ దగ్గరే ఉండాది గదా పెద్దాయనా. అదీ నువ్వే ఉంచుకో," అందామె. వసారా వైపు చూడలేదు.

అందరి అంగీలూ తొడిగిన తాత శశి అంగీలు తొడగలేదు. "బిగుతైతయి," అన్నాడు. నేను చూశాను, ఏమీ బిగుతు కావు. మూట విప్పకుండా ట్రంకుపెట్టెలో పెట్టాడు. నల్లోడిని మాత్రం ఎప్పటిలాగే చూసుకున్నాడు. ఎవరూ తొడగని, చెరువు ముఖం చూడని దాన్ని నీళ్లలో జాడించి, తిరగేసి, వెదురు మీద వేసేవాడు.

"ఎందుకు తాతా?"

"రబ్బరు బిడ్డా. ముట్టకుంటే పగుల్తది."

కొన్నాళ్లకు పద్మావతమ్మ ఇస్త్రీకి ఒక చీర తెచ్చింది. మళ్లీ తెచ్చింది, అదే చీర. తాత మడత మాకు తెలియదా? విప్పనే లేదు. బండికి వసారా కనబడే వైపు నిలబడేది. తాత ఆ మడత విప్పి, నీళ్లు చల్లి, పెళ్లి పట్టుచీరకు చేసినంత నిదానంగా ఇస్త్రీ చేసేవాడు. తర్వాత వెదురును ముందుకు జరిపి కట్టాడు, ఆమెకు బాగా కనబడేలా.

ఒకరోజు ఆమే అడిగింది. "ఆ మోకాలి మీద ఏంది పెద్దాయనా?"

"నా తప్పమ్మా. తెల్వక పెట్టె పెట్టిన."

"వాడు కోప్పడినాడా?"

"లేదమ్మా. నవ్విండు. గీ రోడ్డు మీదనే కూలబడి నవ్విండు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంగొకసారి చెప్పు," అంది. తాత మళ్లీ చెప్పాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా చెప్పించుకునేది. కుక్కలు పారిపోయిన సంగతి తాత మరిచిపోతే నేను అందించేదాన్ని.

ఆమె వెళ్లాక ఒకసారి తాత మీద విరుచుకుపడ్డాను. "ఆమెకు ఇచ్చెయ్యరాదు? దాని కోసమే వస్తున్నది, నీ కండ్లకు కనిపిస్తలేదా?"

"ఎట్ల ఇస్తనే? పోయినోళ్ల బట్ట మనింటికి వస్తది, మళ్ల తిరిగి పోదు. ఇస్తే ఆ ఇంటికి అరిష్టం."

"ఆ ఇంట్ల ఇంకా చెడేందుకు ఏమున్నది?"

"చిన్న పిల్ల ఉన్నది," అన్నాడు తాత.

పద్మావతమ్మ ఎందుకు అడగడం లేదో కూడా అప్పుడే తెలిసింది. అక్కడ ఆమె, ఇక్కడ ఈయన, నడుమ కావ్య.

చలికాలం వచ్చేసరికి తాత దగ్గు ముదిరింది. ఇన్నేళ్ల బొగ్గుల పొగ ఛాతీలో కూర్చుందని డాక్టరు చెప్పాడు. మంచంలో పడ్డాక కూడా వసారా వైపే తల పెట్టుకున్నాడు. "తిరగేసినవా?" అనేవాడు. "వాడు నీకన్న మంచిగున్నడు, నువ్వు తిరిగి పండుకో," అనేదాన్ని. నవ్వబోతే దగ్గొచ్చేది. మేనేజరు సఫారీలో పోయాడు మా తాత. లోను ఇవ్వకుండానే.

కర్మలయ్యాక ఆయన బట్టలు మంచం మీద కుప్పవేసి కూర్చున్నాను. ప్రొఫెసరు చొక్కా, స్వెట్టరు, రెండు పంచెలు, భుజం మీది తువ్వాల. అవ్వవైతే తాత తీసుకున్నాడు. తాతవి ఎవరు తీసుకోవాలి?

గుమ్మం దగ్గర పద్మావతమ్మ నిలబడి ఉంది. చేతిలో చీర లేదు.

"పెద్దాయన బట్టలు ఎవరికిచ్చినారమ్మా?"

"మాయి ఎవరు తీసుకుంటరమ్మా?"

"నేను తీసుకుంటా."

ఆమె ఏమడుగుతోందో నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తిరిగివ్వడం తప్పు, తిరిగి అడగడం తప్పు. కానీ పోయిన చాకలి బట్టలు ఇంకొకరు తీసుకోవచ్చో లేదో ఎవరూ ఏమీ చెప్పలేదు. మా గురించి అంతదూరం ఆలోచించినవాళ్లు లేరు. లెక్కల్లో తప్పినదాన్నే, అయినా ఈ లెక్క నాకు తేలింది.

పంచెలూ, చొక్కా, స్వెట్టరూ పేర్చాను. ట్రంకుపెట్టెలోంచి విప్పని మూట తీసి పెట్టాను. వసారాలోకి పోయి వెదురు మీద నుంచి నల్లోడిని తెచ్చి పైన పెట్టాను.

"గిది కూడా తాతదే అమ్మా," అన్నాను.

ఆమె కూర్చుండిపోయింది. వేలితో ఆ మోకాలి గుర్తు చుట్టూ మెల్లగా తడిమింది. "దీన్ని ఎట్ల ఆరేయల్ల?" అని అడిగింది. శశి నేర్పిందంతా చెప్పాను. నీడలో, తిరగేసి, నడుము దగ్గర మడిచి. భుజాల మీద మాత్రం వద్దని రెండుసార్లు చెప్పాను. తలూపి, ఆ మూటనంతా ఎత్తుకుని, తాత తువ్వాలతో సహా, తానే మోసుకుని పోయింది.

మొన్న ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి ఆ అపార్ట్‌మెంటు కిందికి పోయాను. రెండో అంతస్తు బాల్కనీ నీడలో నల్లోడు ఉన్నాడు. హ్యాంగరుకు భుజాలు తగిలించి వేలాడదీసింది. చేతుల చివర నుంచి నీళ్లు కారుతున్నాయి. వద్దన్న పనే చేసింది! "అమ్మా, సాగిపోతది!" అని అరవబోయాను.

గాలికి వాడు కొంచెం ఇటు తిరిగాడు. అచ్చం మనిషి నిలబడినట్టే ఉన్నాడు. పక్కన కుర్చీ వేసుకుని పద్మావతమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

నోరు మూసుకుని బట్టలు వాచ్‌మన్‌కు ఇచ్చి వచ్చేశాను. సాగితే సాగనీ.